వివరణ: మరమగ్గానికీ ప్రాసెసర్‌కూ మధ్య మిల్లీసెకన్ల దూరం

లింబాయత్ (సూరత్): మనిషి ఒకసారి రెప్ప వేసి తెరిచేలోగా, నిమిషానికి 600 పిక్‌ల వేగంతో నడిచే మరమగ్గం కనీసం ఒక పూర్తి చుట్టు తిరిగిపోతుంది. పేక దారం తెగితే ఆ సంగతిని సెన్సర్ పసిగట్టాలి. ఆ కబురు ప్రాసెసర్‌కు చేరాలి. ప్రాసెసర్ నిర్ణయం తీసుకోవాలి. బ్రేకుకు ఆదేశం వెళ్లాలి. వేగంగా తిరుగుతున్న బరువైన యంత్రభాగాలు నిలిచిపోవాలి. ఇదంతా ఆ ఒక్క చుట్టు వ్యవధిలోనే మొదలై ముగింపునకు రావాలి. ఈ వరుసలో ఏ ఒక్క దశ ఆలస్యమైనా గుడ్డ మీద అడ్డంగా ఒక గీత మిగులుతుంది. గీత పడిన గుడ్డ రెండో రకం సరుకు కింద పోతుంది. మీటరు లెక్కన కూలి అందుకునే కార్మికుడికి ఆ మేరకు నష్టం తప్పదు.

నేటి సాధారణ ప్రాసెసర్ సైతం సెకనుకు కోట్ల సంఖ్యలో లెక్కలు చేయగలదు. మరి ఒక దారం తెగిన సంగతి తెలుసుకోవడానికి దానికి ఆలస్యమెందుకు అవుతుంది? లెక్క చేసే వేగం వేరు, బయటి పరికరంతో మాట్లాడే వేగం వేరు అన్నది దీనికి సమాధానం. ప్రాసెసర్‌కూ, దానికి అనుసంధానమైన పరికరానికీ మధ్య కబురు చేరడానికి పట్టే ఈ కాలాన్నే సాంకేతిక పరిభాషలో 'జాప్యం' అంటారు. దీన్ని తగ్గించే ప్రయత్నం ఏడు దశాబ్దాలుగా సాగుతోంది. చంద్రుడి మీద దిగిన నౌక నుంచి మగ్గం మీది జకార్డు పెట్టె వరకు అన్నిచోట్లా సమస్య ఒక్కటే.

తెలుగు నేతకారుల పేట

సూరత్ మహానగరపాలిక జోన్లలో లింబాయత్ ఒకటి. నియోజకవర్గాల పునర్విభజన అనంతరం 2012 నుంచి ఇది శాసనసభ నియోజకవర్గంగానూ ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, తరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. భివండీ, సోలాపూర్‌ల మాదిరిగానే సూరత్ కూడా తెలుగు నేతకారులకు రెండో ఊరైంది. నగర పురపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉండటమే ఇందుకు నిదర్శనం.

చేతిమగ్గం నుంచి వచ్చిన ఈ కుటుంబాలు మరమగ్గాన్ని, ఆ తర్వాత నాడె లేని వేగవంతమైన మగ్గాలను, కంప్యూటర్‌తో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాలను చూశాయి. జౌళి పరిశ్రమ ఆధునికీకరణ కోసం కేంద్ర ప్రభుత్వం 1999 ఏప్రిల్‌లో ప్రారంభించిన సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం ఈ మార్పునకు తోడ్పడింది. మగ్గం మారడంతో పాటు లోపం స్వభావమూ మారింది. ఒకప్పుడు మగ్గం తప్పు నేస్తే కర్ర, తోలు, ఇనుములలో కారణాన్ని వెతికేవారు. నేడు ఆ కారణం కొన్నిసార్లు ఒక కేబుల్‌లోనో, ప్రోగ్రామ్‌లోని ఒక చిన్న అమరికలోనో దాగి ఉంటోంది.

నిజానికి మగ్గానికీ కంప్యూటర్‌కూ బంధుత్వం పాతదే. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం, రంధ్రాలు చేసిన అట్టముక్కల ఆధారంగా ఏ పడుగు దారం పైకి లేవాలో నిర్ణయించేది. రంధ్రం ఉందా, లేదా అన్న రెండే సంకేతాలతో అది పనిచేసింది. అట్టల స్థానంలో ఎలక్ట్రానిక్ నియంత్రణ గల జకార్డును బ్రిటన్‌కు చెందిన బోనాస్ సంస్థ 1983లో మిలాన్ యంత్ర ప్రదర్శనలో ఆవిష్కరించింది. అట్ట మీది రంధ్రం మెమరీలోని అంకెగా మారిన నాటి నుంచి, ఆ అంకె కొక్కేన్ని సమయానికి చేరడం కొత్త సమస్యగా ముందుకొచ్చింది.

ఒక్క చుట్టు లెక్క

మగ్గం పనిని నేత సాంకేతిక నిపుణులు సెకన్లలో కాక డిగ్రీలలో కొలుస్తారు. ప్రధాన ఇరుసు ఒకసారి పూర్తిగా తిరిగితే 360 డిగ్రీలు, అంటే ఒక పిక్. పడుగు తెరుచుకోవడం, పేక దారం లోపలికి వెళ్లడం, అది అవతలి అంచుకు చేరిందో లేదో సెన్సర్ చూడటం, దాన్ని గుడ్డలోకి నొక్కడం వంటి పనులన్నిటికీ ఆ వృత్తంలో నిర్ణీత స్థానాలుంటాయి.

నిమిషానికి 600 పిక్‌లు అంటే ఒక్కో పిక్‌కు 100 మిల్లీసెకన్లు. ఒక మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆ ఒక్క మిల్లీసెకనులో ఇరుసు 3.6 డిగ్రీలు తిరుగుతుంది. కబురు చేరడంలో 16 మిల్లీసెకన్ల ఆలస్యం జరిగితే అది సుమారు 58 డిగ్రీలకు సమానం. మొత్తం చుట్టులో ఇది దాదాపు ఆరో వంతు. అదే ఆలస్యం నిమిషానికి 120 పిక్‌లు వేసే పాత నాడె మగ్గంపై 12 డిగ్రీలకు లోపే. కనుకనే నెమ్మదైన మగ్గంపై ఎవరూ గమనించని జాప్యం వేగవంతమైన మగ్గంపై లోపంగా బయటపడుతుంది. జాప్యం మారలేదు, దాన్ని భరించే వ్యవధి తగ్గింది.

ఆలస్యం ఎక్కడెక్కడ పుడుతుంది?

సెన్సర్ నుంచి బ్రేకు వరకు సాగే ప్రయాణంలో ఆలస్యం ఒకే చోట పుట్టదు. మొదటిది సెన్సర్ దగ్గరే. నూలు దుమ్ము, కంపనం, సమీపంలోని మోటార్ల విద్యుత్ అలజడి కారణంగా సెన్సర్‌కు తప్పుడు సంకేతాలు వస్తాయి. వాటిని వడగట్టేందుకు సంకేతం కొంతసేపు నిలకడగా ఉంటేనే నిజమని నియంత్రణ పెట్టె భావిస్తుంది. ఈ వడపోత వ్యవధిని మరీ తగ్గిస్తే దారం తెగకుండానే మగ్గం ఆగుతుంది. మరీ పెంచితే తెగిన తర్వాత కూడా నడుస్తుంది.

రెండోది తీగలో జరిగే ప్రయాణం. విద్యుత్ సంకేతం నానోసెకనుకు, అంటే సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు పోగలదు. మగ్గం పొడవునా వెళ్లినా అది లెక్కలోకి రానంత స్వల్పం. ఆలస్యమయ్యేది సంకేతం నడకలో కాదు, తీగ మీదికి అంకెలను ఒకదాని తర్వాత ఒకటిగా ఎక్కించడంలో. మూడోది, కబురు అందిన తర్వాత ప్రాసెసర్ తన చేతిలోని పని ఆపి ఇటు తిరగడానికి పట్టే కాలం. నాలుగోది, ఆపరేటింగ్ వ్యవస్థ సరైన ప్రోగ్రామ్‌ను మేల్కొలిపి దానికి అవకాశం ఇవ్వడానికి పట్టే కాలం. చివరిది, ఆదేశం అందాక బ్రేకు పట్టుకోవడానికి పట్టే యాంత్రిక కాలం. ఏది ఎంతో కొలవకుండా ఖరీదైన ప్రాసెసర్ కొంటే, ఆలస్యం వేరొకచోట ఉన్నప్పుడు ఆ ఖర్చు వృథా అవుతుంది.

అడగడమా, పిలిపించుకోవడమా?

పరికరంలో ఏదైనా జరిగిందా అని తెలుసుకోవడానికి ప్రాసెసర్‌కు రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది 'పోలింగ్'. ప్రాసెసర్ నిర్ణీత వ్యవధికోసారి పరికరాన్ని తానే పలకరించి సమాచారం అడుగుతుంది. రాత్రి పాళీలో ఒకే కార్మికుడు పలు మగ్గాల మధ్య తిరుగుతూ ఒక్కోదాన్నీ చూసి రావడం వంటిదిది. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి సెన్సర్‌ను చూసే ప్రోగ్రామ్ సగటున 5 మిల్లీసెకన్లు, గరిష్ఠంగా 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా సంగతి తెలుసుకుంటుంది. 600 పిక్‌ల మగ్గంపై ఆ గరిష్ఠ ఆలస్యం 36 డిగ్రీలు.

రెండోది 'ఇంటరప్ట్'. ఇందులో పరికరమే ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ప్రాసెసర్ తాను చేస్తున్న పని ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని, వచ్చిన కబురును చూసి, తిరిగి పాత పనిలోకి వెళ్తుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1954లో పూర్తి చేసిన డిసియాక్ అనే కంప్యూటర్ పరికరాలతో సంభాషణకు ఈ పద్ధతిని వాడిన తొలి యంత్రాలలో ఒకటి. నేడు కొన్ని పదుల రూపాయలకు దొరికే చిన్న నియంత్రణ చిప్‌లలోనూ ఈ ఏర్పాటు ఉంది. అలాంటి చిప్ ఇంటరప్ట్‌కు కొన్ని మైక్రోసెకన్లలోనే, అంటే మిల్లీసెకనులో వెయ్యో వంతుల్లోనే, స్పందించగలదు.

అయితే ఇంటరప్ట్ ఉచితం కాదు. పని ఆపడానికీ, మళ్లీ అందుకోవడానికీ కాలం పడుతుంది. పిలుపులు అపరిమితంగా పెరిగితే ప్రాసెసర్ వాటికి బదులివ్వడంలోనే మునిగిపోయి అసలు పనికి దూరమవుతుంది.

చంద్రుడి మీద మోగిన హెచ్చరిక

ఈ ప్రమాదానికి ప్రసిద్ధ ఉదాహరణ 1969 జులై 20న కనిపించింది. అపోలో 11 వ్యోమనౌక చంద్రుడి మీదికి దిగుతున్న చివరి నిమిషాల్లో నౌకలోని కంప్యూటర్ '1202' అనే హెచ్చరికను చూపింది. ఆ క్షణాన అవసరం లేని ఒక రాడార్ అనుసంధానం నుంచి వచ్చిన అనవసర సంకేతాలే అందుకు కారణమని తర్వాత తేలింది. విద్యుత్ సరఫరాలోని సమన్వయ లోపం వల్ల ఆ రాడార్ పరికరాలు సెకనుకు సుమారు 12,800 సంకేతాలను కంప్యూటర్‌కు పంపాయి. ఒక్కో సంకేతాన్ని నమోదు చేయడానికి కంప్యూటర్ సుమారు 11.7 మైక్రోసెకన్లు వెచ్చించాల్సి వచ్చింది. రెండిటినీ గుణిస్తే ప్రతి సెకనులో 15 శాతం కాలం వృథాగా పోయిందన్నమాట.

అప్పటికే దాదాపు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తున్న కంప్యూటర్‌కు అది మోయలేని భారమైంది. అయినా నౌక క్షేమంగా దిగింది. భారం పెరిగినప్పుడు అంతగా ముఖ్యం కాని పనులను వదిలేసి, దిగడానికి అవసరమైన పనులను మాత్రమే మళ్లీ మొదలుపెట్టేలా మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఇంజినీర్లు ఆ ప్రోగ్రామ్‌ను ముందే రాసి ఉంచారు. ఏ పిలుపునకు ముందుగా పలకాలి, దేన్ని వదిలేయవచ్చు అన్న నిర్ణయం ముందే జరిగి ఉండటం వల్లే ఇది సాధ్యమైంది.

మోత పని వేరొకరికి

జాప్యాన్ని తగ్గించే మరో ముఖ్యమైన మార్గం మోత పనిని ప్రాసెసర్ నుంచి తప్పించడం. సమాచారాన్ని ఒక్కో అక్షరంగా పరికరం నుంచి మెమరీకి ప్రాసెసరే మోస్తే, మేస్త్రీ తానే ఇటుకలు మోసినట్లవుతుంది. 'డైరెక్ట్ మెమరీ యాక్సెస్', క్లుప్తంగా డీఎంఏ అనే ఏర్పాటులో ఈ మోతకు వేరే యంత్రాంగం ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత మోయాలో ప్రాసెసర్ ఒకసారి చెబితే చాలు. పని పూర్తయ్యాక ఒక్క ఇంటరప్ట్‌తో కబురు వస్తుంది.

దీని అవసరం ఎలక్ట్రానిక్ జకార్డులో స్పష్టంగా కనిపిస్తుంది. 2,688 కొక్కేలున్న జకార్డులో ప్రతి పిక్‌కూ ఒక్కో కొక్కేనికి 'లేపు' లేదా 'వదులు' అన్న ఆదేశం చేరాలి. అంటే 2,688 బిట్లు, లేదా 336 బైట్లు. చూడటానికి ఇది చాలా చిన్న సమాచారం. కానీ సెకనుకు 9,600 బిట్ల వేగం గల పాత సీరియల్ తీగ మీద, ప్రతి బైటుకూ ఆది, అంత్య సంకేతాలు కలిపి 10 బిట్లు పడతాయి కనుక, దీన్ని పంపడానికి 350 మిల్లీసెకన్లు కావాలి. ఆలోగా 600 పిక్‌ల మగ్గం మూడున్నర చుట్లు తిరిగిపోతుంది. అదే తీగ వేగాన్ని 1,15,200 బిట్లకు పెంచితే సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది కూడా 105 డిగ్రీలకు సమానం. సెకనుకు కోటి బిట్ల వేగం గల అనుసంధానంపై అయితే అదే సమాచారం 0.3 మిల్లీసెకను లోపే చేరుతుంది.

ముందే సిద్ధం చేసుకోవడం

వేగమైన తీగ లేనిచోట ఉపాయం ఉంది. ఒక పిక్ నేస్తుండగానే తర్వాతి పిక్‌కు కావలసిన సమాచారాన్ని రెండో మెమరీ గదిలో నింపి ఉంచవచ్చు. సమయం రాగానే గదులు మారతాయి. ఒక కండె నడుస్తుండగా మరొకదాన్ని చుట్టి సిద్ధంగా ఉంచుకోవడం నేతకారుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. కంప్యూటర్ పరిభాషలో దీన్నే జంట బఫర్ అంటారు. ఈ ఏర్పాటుతో 29 మిల్లీసెకన్ల తీగ సైతం 100 మిల్లీసెకన్ల పిక్‌కు సరిపోతుంది.

అయితే ముందస్తు సిద్ధతకూ మూల్యం ఉంది. పేక తెగి మగ్గం ఆగినప్పుడు, తెగిన దారాన్ని తీసి, నమూనాను సరిగ్గా ఆ పిక్‌కే వెనక్కి తిప్పాలి. ముందుగా నింపి ఉంచిన గదుల్లోని సమాచారం అప్పటికి తర్వాతి పిక్‌లది. దాన్ని చెరిపేసి సరైన పిక్‌ను మళ్లీ నింపకపోతే పువ్వు బొమ్మలో ఒక వరుస పోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. మగ్గం తిరిగి మొదలైన చోట నమూనా జరిగినట్లు కనిపిస్తే, దారంతో పాటు ఈ వెనుకకు తిప్పే అమరికనూ అనుమానించాల్సి ఉంటుంది.

లారీ నిండా సరుకు, ఒక్క ఉత్తరం

వేగం గురించిన చర్చలో తరచూ కలగలిసిపోయే భావనలు రెండున్నాయి. ఒకటి సామర్థ్యం, అంటే సెకనుకు ఎంత సమాచారం మోయగలదన్నది. రెండోది జాప్యం, అంటే తొలి అక్షరం ఎంత సేపట్లో చేరుతుందన్నది. సూరత్ నుంచి హైదరాబాద్‌కు బయలుదేరే లారీ టన్నుల కొద్దీ గుడ్డను మోస్తుంది. కానీ అత్యవసరంగా పంపాల్సిన ఒక్క ఉత్తరానికి లారీ నిండే వరకు ఆగడం శిక్షే అవుతుంది.

యూఎస్‌బీ అనుసంధానాల్లో ఇదే జరుగుతుంది. సీరియల్ పరికరాలను కంప్యూటర్‌కు కలిపేందుకు విస్తృతంగా వాడే కొన్ని మార్పిడి చిప్‌లు, అందిన బైట్లు తక్కువగా ఉంటే మరిన్ని వస్తాయేమోనని 16 మిల్లీసెకన్ల వరకు వేచి చూసేలా తయారీలోనే అమర్చి ఉంటాయి. పెద్ద ఫైలు పంపేటప్పుడు ఇది మేలే చేస్తుంది. కానీ 'దారం తెగింది' అన్న ఒక్క బైటు కబురుకు ఇదే 58 డిగ్రీల ఆలస్యమవుతుంది. చాలా సందర్భాల్లో డ్రైవర్ అమరికల్లో ఈ వ్యవధిని ఒక మిల్లీసెకనుకు తగ్గించే వీలుంటుంది. కొత్త యంత్రం కొనకుండానే, ఒక్క అంకె మార్చడంతో తీరే జాప్యాలలో ఇదొకటి.

అలాగే ప్రాసెసర్ పరికరాన్ని అడగడానికీ, పరికరానికి చెప్పడానికీ మధ్య వ్యత్యాసం ఉంది. నేటి కంప్యూటర్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గంలో పరికరానికి ఆదేశం రాసేటప్పుడు ప్రాసెసర్ దాన్ని పంపేసి తన పనిలోకి వెళ్లవచ్చు. పరికరం నుంచి ఏదైనా చదవాలంటే మాత్రం ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి వచ్చే వరకు ఆగాలి. దానికి ఒక మైక్రోసెకను పట్టినా, మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ కాలంలో మూడు వేల అడుగులు వేసి ఉండేది. అందుకే మంచి డ్రైవర్లు పరికరాన్ని పదేపదే ప్రశ్నించవు. జవాబులను పరికరమే నేరుగా మెమరీలో రాసిపెట్టేలా చూస్తాయి.

సగటు చాలదు

యంత్ర నియంత్రణలో సగటు జాప్యం కన్నా గరిష్ఠ జాప్యమే ముఖ్యం. పది వేల పిక్‌లలో 9,999 సార్లు ఒక మిల్లీసెకనులో స్పందించి, ఒక్కసారి 80 మిల్లీసెకన్లు తీసుకునే వ్యవస్థ సగటున గొప్పగా కనిపిస్తుంది. కానీ నిమిషానికి 600 పిక్‌ల వేగంతో పది వేల పిక్‌లు 17 నిమిషాలలోపే పూర్తవుతాయి. అంటే గంటకు మూడుకు పైగా అలాంటి ఘట్టాలు ఎదురవుతాయి. కార్యాలయ అవసరాలకు తయారైన కంప్యూటర్ నేపథ్యంలో నవీకరణలో, వైరస్ తనిఖీలో మునిగి అప్పుడప్పుడూ ఇలాంటి విరామాలు తీసుకుంటుంది. నమూనా గీయడానికి అది తగినదే. మగ్గాన్ని క్షణక్షణం నడపడానికి మాత్రం తగదు.

ప్రాధాన్యాలు తారుమారైతే ఏమవుతుందో 1997లో అంగారకుడిపై దిగిన మార్స్ పాత్‌ఫైండర్ చూపింది. జులై 4న దిగిన తర్వాత దాని కంప్యూటర్ పలుమార్లు తనంతట తానే మళ్లీ మొదలైంది. పరికరాలతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే మార్గాన్ని వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్య పని పట్టుకుని ఉంది. దాని కోసం ఎక్కువ ప్రాధాన్య పని ఎదురుచూస్తోంది. ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం గల మరో పని వచ్చి తక్కువ ప్రాధాన్య పనిని కదలనివ్వలేదు. ఫలితంగా అన్నిటికన్నా ముఖ్యమైనదే ఆగిపోయింది. మార్గాన్ని పట్టుకున్న పనికి, దాని కోసం ఎదురుచూస్తున్న పని ప్రాధాన్యాన్నే తాత్కాలికంగా ఇచ్చేలా ఒక అమరికను భూమి నుంచి మార్చి ఇంజినీర్లు సమస్యను పరిష్కరించారు.

గరిష్ఠ జాప్యానికి హద్దు విధించే వ్యవస్థలను 'రియల్‌టైమ్' వ్యవస్థలు అంటారు. అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న లైనక్స్‌కు ఈ గుణాన్ని చేర్చే ప్రయత్నం సుమారు 20 ఏళ్లు సాగి, 2024 నవంబరులో విడుదలైన 6.12 సంచికతో ప్రధాన స్రవంతిలో చేరింది. చిన్న తయారీదారులు సైతం ప్రత్యేక రుసుములు లేకుండా ఇలాంటి నియంత్రణ వ్యవస్థలను నిర్మించుకోవడానికి ఇది దారి సుగమం చేసింది.

పెద్ద కంప్యూటర్లలోనూ అదే కథ

సమాచార కేంద్రాల్లోనూ ఇదే సమస్య వేరే ప్రమాణంలో ఉంది. సెకనుకు 1,000 కోట్ల బిట్ల వేగం గల నెట్‌వర్క్ కార్డుకు అతి చిన్న పొట్లాలు వరుసగా వస్తే సెకనుకు సుమారు 1.49 కోట్లు వస్తాయి. ఒక్కోదానికి దక్కే కాలం 67 నానోసెకన్లు. ప్రతి పొట్లానికీ ఇంటరప్ట్ మోగితే ఏ ప్రాసెసరూ తట్టుకోలేదు. అందుకే లైనక్స్ తొలి పిలుపునకు ఇంటరప్ట్‌తో మేల్కొని, రద్దీ ఉన్నంతసేపు పిలుపులను ఆపివేసి తానే వెళ్లి గుత్తగా తెచ్చుకునే మిశ్రమ పద్ధతిని పాటిస్తుంది.

నిల్వ పరికరాల విషయంలోనూ మార్పు వచ్చింది. తిరిగే హార్డ్ డిస్కుల కాలంలో పరికరమే మిల్లీసెకన్లు తీసుకునేది కనుక సంభాషణలోని జాప్యం ఎవరికీ పట్టలేదు. పాత ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒక్కో డిస్కుకు 32 ఆదేశాల ఒకే వరుస ఉండేది. కదిలే భాగాలు లేని నిల్వ పరికరాలు వచ్చాక ఆ వరుసే అడ్డంకిగా మారింది. 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం సుమారు 65 వేల వరుసలకు, ఒక్కో వరుసలో సుమారు 65 వేల ఆదేశాలకు వీలు కల్పించింది. ప్రాసెసర్‌లోని ప్రతి విభాగమూ మరొకదాని కోసం ఆగకుండా తన సొంత వరుసలో పరికరంతో మాట్లాడగలుగుతోంది.

యూనిట్లు ఏం చూసుకోవచ్చు?

కొత్త యంత్రం కొనే ముందు ఉన్నదానిలోని జాప్యాన్ని కొలవడం మొదటి పని. సెన్సర్ సంకేతాన్నీ, బ్రేకుకు వెళ్లే సంకేతాన్నీ ఒకే ఆసిలోస్కోప్‌పై పక్కపక్కన చూస్తే నియంత్రణ పెట్టె ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో తెలుస్తుంది. దాన్ని డిగ్రీల్లోకి మారిస్తే మగ్గం వేగానికి అది తగినదో కాదో తేలుతుంది. ఆ వ్యవధి స్వల్పంగానే ఉండి మగ్గం ఆలస్యంగా ఆగుతుంటే లోపం బ్రేకులో ఉన్నట్లు భావించవచ్చు.

సెన్సర్ల మీద పేరుకునే నూలు దుమ్మును క్రమం తప్పకుండా తుడవడం రెండోది. సంకేతాల తీగలను మోటారు విద్యుత్ తీగల పక్కనే కట్టకుండా వేరుగా నడపడం, కవచం గల కేబుల్ వాడటం, ఎర్తింగ్ సరిగా ఉంచడం మూడోది. సంకేతం శుభ్రంగా ఉంటే వడపోత వ్యవధిని తగ్గించుకోవచ్చు. ఆ విధంగా తప్పుడు ఆగుళ్లు, ఆలస్యపు ఆగుళ్లు రెండూ తగ్గుతాయి. నమూనాల కంప్యూటర్‌ను మగ్గం క్షణక్షణ నియంత్రణ నుంచి విడదీసి, ఆ బాధ్యతను ప్రత్యేక నియంత్రణ పెట్టెకే వదలడం నాలుగోది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అత్యవసర స్టాప్ బటన్. అది ఏ ప్రోగ్రామ్ మీదా, ఏ కంప్యూటర్ మీదా ఆధారపడకూడదు. బటన్ నొక్కగానే విద్యుత్ మార్గం నేరుగా తెగి మగ్గం ఆగాలి. గుడ్డ మీది గీతకు పరిహారం ఉండవచ్చు, యంత్రంలో చిక్కిన చేతికి ఉండదు. జాప్యాన్ని ఎంత తగ్గించినా ప్రోగ్రామ్ ఎప్పుడైనా నిలిచిపోవచ్చు కనుక ఈ ఒక్క కబురు మాత్రం ప్రాసెసర్ గుండా వెళ్లరాదు.

మీటర్లలో లెక్క

ఈ మిల్లీసెకన్లు కూలి లెక్కల్లో ఎలా కనిపిస్తాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక పాళీలో మగ్గం 10 సార్లు అకారణంగా ఆగి, ప్రతిసారీ మళ్లీ నడపడానికి 2 నిమిషాలు పట్టిందనుకుంటే 20 నిమిషాలు పోయినట్లే. నిమిషానికి 600 పిక్‌ల లెక్కన అది 12,000 పిక్‌లు. సెంటీమీటరుకు 24 పిక్‌లుండే గుడ్డలో అది 5 మీటర్లకు సమానం. ఒక్క మగ్గం మీద ఒక్క పాళీలో పోయే 5 మీటర్లు, ఒకే కార్మికుడు చూసే మగ్గాల సంఖ్యతో, నెలలోని పనిదినాలతో గుణిస్తే చిన్న మొత్తం కాదు.

లింబాయత్‌లోని తెలుగు కుటుంబాల పెద్దలు దారం తెగిన సంగతిని మగ్గం చప్పుడులోని తేడాను బట్టే గ్రహించేవారు. ఆ చెవి చేసిన పనిని నేడు సెన్సర్, దాని వెనుక ప్రాసెసర్ చేస్తున్నాయి. మగ్గం ఎందుకు ఆగిందో, ఎందుకు ఆగలేదో తెలుసుకోవాలంటే ఆ రెండిటి మధ్య సాగే సంభాషణ కూడా నేతకారుడికి అర్థం కావాలి. అది కూడా ఇప్పుడు నేత పనిలో భాగమే.